చెప్పులు విడిచే ముందు

“ఆదివారం వస్తే చాలు టీచరమ్మా, మావాడికి కడుపునొప్పి. సోమవారం బడికి మాత్రం చక్కగా వెళ్తాడు” అని ఒక తల్లి ఆరాధన అయ్యాక నా పక్కన చాప మీద కూర్చుని చెప్పింది. ఆమె గొంతులో విసుగు కన్నా భయమే ఎక్కువగా వినిపించింది, బిడ్డ దేవునికి దూరమైపోతున్నాడేమోనని. సండేస్కూలు పిల్లల మధ్యే ఏళ్లు గడిపినదాన్ని, ఇద్దరు బిడ్డల్ని పెంచినదాన్ని. ఆ భయం నాకూ తెలుసు.

అది సాకు అనుకోవద్దమ్మా అన్నాను. చిన్నపిల్లల దిగులు చాలాసార్లు కడుపులోనే బయటపడుతుంది. నొప్పి నిజంగానే ఉంటుంది. డాక్టరుగారికి ఒకసారి చూపించమని చెప్పి, ఆదివారం పొద్దున ఇంట్లో ఎలా గడుస్తుందని అడిగాను.

ఆమె చెబుతుంటే మనందరి ఇళ్లూ కళ్లముందు కదిలాయి. ఇస్త్రీ కాని చొక్కా, ఎక్కడ పెట్టామో గుర్తురాని బైబిలు, పొయ్యి మీద సగం ఉడికిన కూర, వీధిలో బండి మీద కూర్చుని హారన్ కొడుతున్న నాన్న. “నీవల్లే ప్రతివారం ఆలస్యం” అంటూ వీపు మీద ఒక దెబ్బ. పావుగంట తర్వాత మందిరం గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూ, నవ్వు ముఖంతో అందరికీ “వందనాలండీ.”

పిల్లవాడు ఆ రెండు ముఖాలూ చూస్తాడు. ఏమీ అడగడు. వాడి చెంప మీద తడి ఇంకా ఆరలేదు, ఇక్కడ పాట మొదలైంది. చప్పట్లు కొట్టమని మనం కళ్లతోనే గద్దిస్తాం. ఏడుపును ఇంటి దగ్గరే వదిలేసి రావాలి కాబోలు, ఇక్కడికి తేకూడదు కాబోలు అని వాడికి తోస్తుంది. దుఃఖం వచ్చినప్పుడు పరుగెత్తుకు రావలసిన చోటు గురించి అంత చిన్న వయసులో వాడు నేర్చుకునేది ఇదీ.

మనకు దేవుడంటే భక్తి ఉంది, బిడ్డంటే ప్రాణం. అందులో సందేహం లేదు. కానీ ఆ పొద్దుటి కోపంలో దేవుని మీది గౌరవం ఎంత, ఆలస్యంగా వెళ్తే నలుగురూ తిరిగి చూస్తారన్న జంకు ఎంత అని మనల్ని మనం అడుగుదాం. జవాబు బాధగానే ఉంటుంది. నాకూ బాధగానే ఉండింది.

యూదుల విశ్రాంతి దినం శుక్రవారం పొద్దుగుంకగానే మొదలవుతుంది. అందుకే శుక్రవారానికి సువార్తల్లో ‘సిద్ధపరచు దినము’ అనే పేరు కనిపిస్తుంది. సీనాయి కొండ దగ్గర ప్రజలు మూడో రోజు కోసం ముందే బట్టలు ఉతుక్కుని సిద్ధపడ్డారని నిర్గమకాండం 19లో చదువుతాం. మనకైతే శనివారం రాత్రి సీరియల్ అయ్యాకో, పెళ్లి భోజనం నుంచి వచ్చాకో పదకొండింటికి పడుకోవడం, పొద్దున దేవుని పేరు చెప్పి పిల్లల్ని తరమడం. శనివారం సాయంత్రమే బట్టలు తీసిపెట్టి, కానుక డబ్బు వాడి చేతే కవరులో పెట్టించి, పెందలాడే పడుకోబెడితే ఆదివారం సగం తేలికవుతుంది. పడుకోబోయే ముందు “రేపు అక్కడ ఎవరిని చూడాలని ఉంది నాన్నా?” అని అడగండి. స్నేహితుడి పేరు చెబితే చాలు, పాస్టరుగారి పేరే చెప్పక్కర్లేదు.

అయినా ఏదో ఒక పొద్దున మాట జారుతుంది, చెయ్యి లేస్తుంది. బలిపీఠం దగ్గర అర్పణ పెట్టబోతూ, సహోదరుని మనసు నొప్పించిన సంగతి గుర్తొస్తే అర్పణను అక్కడే విడిచి, ముందు అతనితో సమాధానపడమని యేసు ప్రభువు చెప్పిన సంగతి మత్తయి 5లో ఉంది. ఆ సహోదరుడు అనగానే మనకు సంఘంలో మాట్లాడుకోని పెద్దవాళ్లే గుర్తొస్తారు. బండి మీద మన వెనకాల కూర్చున్న ఎనిమిదేళ్లవాడు గుర్తుకు రాడు. మందిరం ఇంకా నాలుగు ఇళ్ల అవతల ఉండగా బండి ఆపి, వాడి ముఖం తుడిచి, “పొద్దున నిన్ను కొట్టడం నా తప్పురా” అనడానికి ఒక నిమిషం చాలు. మొదటి పాట తప్పిపోతే పోనివ్వండి.

లోపలికి వెళ్లాక వాడు నిద్రపోతే మరీ సిగ్గుపడకండి. త్రోయలో పౌలంతటివాడు మాట్లాడుతుండగానే ఐతుకు అనే యువకుడు కిటికీలో కూర్చుని నిద్రపోయి మూడో అంతస్తు నుంచి పడ్డాడు. పౌలు కిందికి వెళ్లి అతణ్ణి కౌగిలించుకున్నాడే గానీ గద్దించినట్టు ఎక్కడా లేదు. పెద్దల కోసం చెప్పే గంటన్నర ప్రసంగాన్ని కదలకుండా వినమనడం చిన్నవాడికి మోయలేని బరువే.

ఇంటికి రాగానే “ఇవాళ ఏం వాక్యం చెప్పారో చెప్పు” అని పరీక్ష పెట్టడం మనకు అలవాటు. పన్నెండేళ్ల యేసు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని వింటూ, ప్రశ్నలు అడుగుతూ కనిపించాడని లూకా రాశాడు. మన పిల్లలూ అడుగుతారు. అన్నం తినేటప్పుడు, అసందర్భంగా, ఒక్కోసారి మనకే జవాబు తెలియనివి. అప్పుడు “అలా అడగకూడదు” అనకుండా ఉంటే చాలు.

ఆ తల్లి మాట ఆగిన చోటికి వస్తాను. ఆమె ఆ వారమంతా వాడిని ఏమీ అడగలేదట. శనివారం రాత్రి వాడే చెప్పాడు. క్రిస్మస్ ప్రోగ్రాంలో మైకు ముందు కంఠత వాక్యం మరిచిపోతే అందరూ నవ్వారని, ఆదివారం ఆ ముఖాలన్నీ మళ్లీ కనిపిస్తాయని. ఆ రోజు మైకు పట్టుకుని వాడి పక్కన నిల్చున్నది నేనే. పిల్లాడు ముద్దుగా ఉన్నాడని నేనూ నవ్వాను. నాకు ఆ తర్వాత ఒక్కసారి కూడా అది గుర్తుకు రాలేదు.

మరుసటి వారం వాడి దగ్గరికి వెళ్లి, నవ్వినందుకు క్షమించమని అడిగాను. చాప అంచు పీకుతూ తల వంచుకుని కూర్చున్నాడు. ఇప్పుడు కానుకల సంచి తిప్పడానికి వాడే ముందు లేస్తున్నాడు. కంఠత వాక్యం చెప్పమని మేము ఇంకా అడగలేదు.