కోపం నాలుగో మెట్టు: రీల్స్, మనసు, గీత 2వ అధ్యాయం

ఈ వారం వీడియోలో సాంఖ్యయోగంలోని 62, 63 శ్లోకాలు చెప్పుకున్నాం కదా. టైమ్ చాలక వదిలేసిన ముక్క ఒకటి ఇక్కడ రాస్తున్నాను.

కృష్ణుడు చెప్పిన వరుస ఇది: విషయాల్ని పదేపదే తలచుకుంటే సంగం, దాని నుంచి కామం, కామం నుంచి కోపం, ఆపైన మోహం, స్మృతి తప్పడం, బుద్ధి నశించడం. మనం మేలుకునేది ఎక్కడ? "ఫోన్ పక్కన పెట్టి అన్నం తినరా" అన్న అమ్మను కసురుకున్నాక. అది నాలుగో మెట్టు.

మొదటి మెట్టు కోరిక కూడా కాదు, గమనించండి. ఊరికే చూడటం, అదే తలచుకోవడం. క్లాస్‌మేట్ డాలస్‌లో కొన్న కారు చూస్తారు. మీకు డాలస్ వెళ్లాలని అసలు లేదు. పదిసార్లు చూశాక మాత్రం, రాత్రి ఒంటిగంటకు, "నా బతుకేంటి ఇలా ఉంది" అనిపిస్తుంది.

2006లో అజా రాస్కిన్ అనే డిజైనర్ అంతులేని స్క్రోల్‌ను తయారుచేశాడు. తర్వాత తనే దాని గురించి బాధపడ్డాడు. పేజీ అయిపోతే మనసు ఒక్క క్షణం ఆగి "ఇంకా కావాలా?" అనుకుంటుంది. ఆ క్షణమే లేకుండా పోయింది. (మన ఛానల్ షార్ట్స్ కూడా ఆ వరుసలోనే వస్తాయి, కాదనను.)

ఫోన్ ఎందుకు తీశామో మర్చిపోవడమే స్మృతిభ్రంశం అని సరదాగా అంటుంటాం. శంకరుల భాష్యంలో లోతు వేరు: శాస్త్రం, ఆచార్యుడు నేర్పింది అవసరమైన వేళకు గుర్తుకు రాకపోవడం. ఒంటిగంట రాత్రి జరిగేది అదే. మనల్ని ప్రేమించేవాళ్లు, మనం సాధించుకున్నవి ఒక్కటీ గుర్తురావు. ఎవరివో ఫోటోలే కళ్లముందు ఉంటాయి.

6వ అధ్యాయంలో అర్జునుడు మనసు గాలిలాంటిదంటే కృష్ణుడు తిట్టలేదు. కష్టమేనని ఒప్పుకుని, అభ్యాసం, వైరాగ్యం అన్నాడు. నా అభ్యాసం చాలా చిన్నది: ఛార్జర్ హాల్లో ఉంటుంది, పడకగదిలోకి రాదు. ఇన్‌స్టాగ్రామ్‌లో లైకుల సంఖ్య దాచే సెట్టింగ్ 2021 నుంచి ఉంది, అదీ పెట్టుకోండి.

వారాల తరబడి నిద్ర లేకపోయినా, బతకాలని అనిపించకపోయినా శ్లోకంతో సరిపెట్టుకోకండి. 14416కి ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ అది, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. సాయం అడిగితే భక్తి తక్కువైనట్టు కాదు.

వచ్చే వారం 64వ శ్లోకం: విషయాల మధ్య తిరుగుతూనే మనసు ప్రసన్నంగా ఎలా ఉంటుందో చూద్దాం.