టి.వి. మింగేసిన మైనస్ గుర్తు

ఈసారి గోడపత్రికలో సైన్సు శీర్షిక నేను రాస్తున్నాను. కిందటి నెల 7వ తరగతి గదిలో జరిగిన సంగతి మీలో చాలామందికి తెలుసు. కాని అది ఎందుకు జరిగిందో అందరికీ తెలీదు. అందుకే రాస్తున్నాను.

లెక్కల మేష్టారు పూర్ణ సంఖ్యల పాఠం ల్యాప్‌టాప్‌లో నోట్‌ప్యాడ్ మీద పెద్ద అక్షరాలతో టైపు చేసి, దాన్ని టి.వి.కి కలిపి చూపించేరు. పాఠం అయ్యాక "ఈ లెక్కలు నోట్సులో ఎక్కించుకోండి" అన్నారు. టి.వి. మీద మొదటి లెక్క 8 + 3 = -5 అని ఉన్నాది. పిల్లలందరూ అలాగే ఎక్కించుకున్నారు. మర్నాడు స్లిప్ టెస్టులో ఒక చెల్లి అలాగే రాసింది. మేష్టారు ఆ కాగితం పైకి చదివేరు. అందరూ నవ్వేరు. "వేళ్ళు మడిచి లెక్కపెట్టినా 11 వస్తాది కదే" అన్నారు. "టి.వి.లో అలాగే ఉన్నాది సార్" అని అది చెప్తే ఎవరూ నమ్మలేదు. ఆ రాత్రి అన్నం తినలేదు. నా పక్కనే పడుకుంటాది కాబట్టి నాకు తెలిసింది.

8 + 3 ఎంతో దానికి తెలీదా అని మీరనవచ్చు. తెలుసు. "మైనస్ అంకెలు కొత్త పాఠం కదా అక్కా, కొత్త పాఠంలో ఇలాగే ఉంటాది కాబోలు అనుకున్నాను" అన్నాది. నాకది న్యాయంగానే తోచింది. మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ వస్తుందని చెప్పినప్పుడు మనం మాత్రం ఏం ప్రశ్న వేసేం? రాసుకున్నాం.

దాని నోట్సు తీసి చూసేను. 6 - 10 = -4 అని ఒక లెక్క ఉన్నాది, అది సరిగ్గానే ఉన్నాది. 4 - 5 = -9 అని ఇంకొకటి. అది -4 - 5 అయితేనే -9 వస్తాది. అంటే మధ్యలో మైనస్ ఉన్నాది, జవాబులో మైనస్ ఉన్నాది, ఎడమ చివర రావలసిన మైనస్ మాత్రం ఒక్కటీ లేదు. ఇంకో ముగ్గురి నోట్సులు అడిగి చూసేను. అందరివీ అంతే. నలుగురూ ఒకే చోట మరచిపోరు కదా. తప్పు పిల్లల బుర్రలో లేదు, టి.వి. ఎడమ అంచులో ఉన్నాదని నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

శనివారం మధ్యాహ్నం సైన్సు టీచరు గారిని అడిగి ల్యాప్‌టాప్, టి.వి. మళ్ళీ కలిపేను. కలపడం అంటే హెచ్.డి.ఎం.ఐ. తీగ ఒక కొస ల్యాప్‌టాప్‌కి, రెండో కొస టి.వి. వెనక గూటికి. ఆ గూళ్ళకి 1, 2 అని అంకెలు ఉంటాయి. మనం ఏ గూట్లో పెట్టేమో అదే అంకె టి.వి.లో ఎంచుకోవాలి. రిమోటులో సోర్స్ గాని ఇన్‌పుట్ గాని ఉన్న మీట నొక్కితే ఆ జాబితా వస్తాది. "నో సిగ్నల్" అని వచ్చిందంటే చాలాసార్లు ఇక్కడే తేడా. టి.వి. పాడయిందని కంగారు పడక్కరలేదు.

నాకు అలా రాలేదు గాని వేరే తమాషా జరిగింది. టి.వి.లో నీలం తెర వచ్చింది, దాని మీద మన ఫైళ్ళు ఒక్కటీ లేవు. మౌసు కుడి పక్కకి జరిపితే ల్యాప్‌టాప్‌లోంచి పారిపోయి టి.వి.లో తేలింది! విండోస్ మీట పట్టుకొని పి అక్షరం నొక్కితే నాలుగు మాటలు వస్తాయి. పి.సి. స్క్రీన్ ఓన్లీ అంటే ల్యాప్‌టాప్‌లోనే. డూప్లికేట్ అంటే రెండింట్లో ఒకే బొమ్మ. ఎక్స్‌టెండ్ అంటే రెండు తెరలూ కలిపి ఒకే పెద్ద పలకలాగ, నాకు వచ్చింది అదే. సెకండ్ స్క్రీన్ ఓన్లీ అంటే టి.వి.లోనే. పాఠానికి డూప్లికేట్ పెట్టుకోవాలి.

డూప్లికేట్ పెట్టి రెండు తెరలూ పక్కపక్కన చూసేను. ల్యాప్‌టాప్‌లో కింద గడియారం ఉండే పట్టీ పూర్తిగా ఉన్నాది. టి.వి.లో సగమే ఉన్నాది. పైన కుడి మూల మూసేసే గుణకారం గుర్తు కూడా సగం తెగింది. అప్పుడు పెయింట్‌లో 1920 × 1080 కొలత బొమ్మ తీసి, నాలుగు అంచులకీ ఆనించి ఎర్రగీత గీసి, తెర నిండా చూపించేను. ల్యాప్‌టాప్‌లో నాలుగు గీతలు. టి.వి.లో ఒక్కటీ లేదు. ఈ పరీక్ష మీరూ చెయ్యవచ్చు, అయిదు నిమిషాల పని.

సంగతి ఇదన్నమాట. మేష్టారు ల్యాప్‌టాప్ వంక చూసి చెప్పేరు, పిల్లలు టి.వి. వంక చూసి రాసేరు.

మొదట నేను తప్పు వైద్యం చేసేను. తెర మీద ఖాళీ చోట మౌసు కుడి మీట నొక్కి, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిజల్యూషన్ 1920 × 1080 నుంచి 1280 × 720కి తగ్గించేను. రిజల్యూషన్ అంటే తెర మీద అడ్డంగా ఎన్ని చుక్కలు, నిలువుగా ఎన్ని చుక్కలు అని. 1920ని 1080తో గుణిస్తే 20,73,600 చుక్కలు. 1280ని 720తో గుణిస్తే 9,21,600 మాత్రమే. అందుకని అక్షరాలు లావయ్యేయి, మసకబారేయి, అంచులు మాత్రం అలాగే తెగేయి. మళ్ళీ వెనక్కి మార్చేను. జాబితాలో రికమెండెడ్ అని ఏది ఉంటే అది ఉంచడమే మంచిది.

ఇక్కడ ఒక జాగ్రత్త. రిజల్యూషన్ మార్చినప్పుడు ఒక్కోసారి టి.వి. నల్లగా అయిపోతాది, లేకపోతే "మోడ్ నాట్ సపోర్టెడ్" అంటాది. ఆ కొలత ఆ టి.వి.కి చేతకాదని అర్థం. భయపడి తీగలు పీకెయ్యకండి. ఏమీ ముట్టుకోకుండా 15 సెకండ్లు ఆగితే విండోస్ తనంతట తానే పాత కొలతకి వచ్చేస్తాది.

అసలు మందు టి.వి.లోనే ఉన్నాది. మెనూలో పిక్చర్, అందులో బొమ్మ కొలత మార్చే చోటు. దాని పేరు ఒక్కో కంపెనీ ఒక్కోలాగ పెట్టింది. ఎల్.జి. వాళ్ళు జస్ట్ స్కాన్ అంటారు, శాంసంగ్ వాళ్ళు స్క్రీన్ ఫిట్ అంటారు, సోనీలో ఫుల్ పిక్సెల్, షార్ప్‌లో డాట్ బై డాట్. అందరూ కలిసి ఒకే పేరు పెట్టుకుంటే వాళ్ళ సొమ్మేం పోయేది? దేని అర్థమైనా ఒకటే, వచ్చిన బొమ్మని పెంచకుండా చుక్కకి చుక్క చూపించమని. అది పెట్టేసరికి నాలుగు ఎర్రగీతలూ కనిపించేయి. నోట్‌ప్యాడ్ తెరిచేను. -8 + 3 = -5. నేను ఒక్కదాన్నే గదిలో చప్పట్లు కొట్టేను.

టి.వి. అంచులు ఎందుకు కోస్తాది అని టీచరు గారిని అడిగేను. దీన్ని ఓవర్‌స్కాన్ అంటారట. వెనక బొజ్జ ఉండే పాత టి.వి.లలో గాజు గొట్టం ఉండేది. కరెంటు హెచ్చుతగ్గులకీ, టి.వి. పాతబడేకొద్దీ బొమ్మ కొలత కొంచెం మారేది. అంచుల్లో నల్లగా ఖాళీ కనబడితే బాగోదని బొమ్మనే కాస్త పెద్దది చేసి, అంచులు చట్రం వెనక్కి పోయేలాగ చేసేవారు. ఫొటోకి ఫ్రేము కట్టినప్పుడు అంచులు లోపలికి పోతాయే, అలాగ. టి.వి. కేంద్రం వాళ్ళకి ఈ సంగతి తెలుసు కాబట్టి అక్షరాలు అంచుకి దూరంగా వేసేవారు. ఇప్పటి పలక టి.వి.లకి ఆ అవసరం లేదు, అయినా కొన్నింటిలో ఆ అలవాటు మిగిలిపోయింది. సినిమా చూస్తే తెలీదు. హీరో అంచున నిలబడడు కదా. లెక్క మాత్రం అంచునే మొదలవుతాది.

ఎంత పోయిందో లెక్క కట్టేను. ఒక్కో పక్క నూటికి 2.5 వంతులు పోయిందనుకుంటే 1920లో 48 చుక్కలు. 32 అంగుళాల టి.వి. అడ్డంగా సుమారు 70 సెంటీమీటర్లు, అందులో ఇది బొటనవేలు మందం. ఒక మైనస్ గుర్తు దాక్కోడానికి అది చాలు.

శబ్దం గురించి కూడా అడిగేరు కొందరు. హెచ్.డి.ఎం.ఐ. తీగలో బొమ్మ, శబ్దం రెండూ వెళ్తాయి. అయినా శబ్దం ల్యాప్‌టాప్‌లోనే వస్తుంటే గడియారం పక్కనున్న స్పీకరు గుర్తు నొక్కి టి.వి. పేరు ఎంచుకోవాలి. 15 సూదులున్న పాత వి.జి.ఎ. తీగ అయితే బొమ్మ ఒక్కటే వెళ్తాది, శబ్దానికి వేరే తీగ కావాలి. పాత పాఠాల వీడియోలకి రెండు పక్కలా నల్లపట్టీలు వస్తే అది జబ్బు కాదు, ఆ బొమ్మ కొలత 4:3, టి.వి. కొలత 16:9. పట్టీలు పోవాలని సాగదీస్తే చెప్పే మేడం గారి బుగ్గలు వాచినట్టు కనిపిస్తాయి.

సోమవారం మేష్టారు వచ్చి చూసేరు. మాట్లాడకుండా ఎర్రగీతల బొమ్మ రెండుసార్లు పెట్టించుకొని చూసేరు. తరవాత 7వ తరగతికి వెళ్ళి అందరి నోట్సుల్లో మైనస్ పెట్టించి, ఆ చెల్లి స్లిప్ కాగితం అడిగి తీసుకొని మార్కు దిద్దేరు. అది ఆ కాగితం ట్రంకు పెట్టెలో దాచుకున్నాది, నాకు చూపించింది.

టి.వి. రిమోటుకి సెల్లులు అయిపోతే కొత్తవి వేసేం. పాటల డబ్బాకి వేసుకుందామని ఎవరో తీసేస్తున్నారు, అందుకని టీచరు గారు వాటిని నా జామెట్రీ పెట్టెలో ఉంచమన్నారు. కావలసినవాళ్ళు అడిగి తీసుకోండి, పని అయ్యాక తెచ్చి ఇచ్చెయ్యండి.

- 9వ తరగతి విద్యార్థిని