బిడ్డతో పాటు ఎదిగే పరికిణీ
(కుట్టుపని పాఠము)



మన సంఘములలో ఆడపిల్లలకు పరికిణీలు ఎట్లు కొనుచున్నాము? క్రిస్మసుకు అంగడికి వెళ్లి, పాప వయస్సు చెప్పి, ఎదిగే పిల్ల గదా అని రెండు సంవత్సరములు పెద్దది తీసికొనుచున్నాము. మొదటి యేడు అది నేల ఊడ్చును. పాప దానిని రెండు చేతులతో ఎత్తిపట్టుకొని మెట్లెక్కవలసి వచ్చును. రెండవ యేడు సరిపోవును గాని అప్పటికే రంగు వెలిసి, అంచు చిరిగి ఉండును. కొందరు సరియైన కొలతకే కొందురు. అది మరుసటి క్రిస్మసు నాటికి పిక్కల మీదికి ఎక్కును. రెండు విధములను డబ్బు వృథా.

ఇంకొక సంగతి ఉన్నది. పెద్ద పరికిణీ జారిపోకుండ బొందు బిగించి కట్టుదుము. రాత్రి విప్పినప్పుడు పాప నడుము చుట్టు ఎర్రని గాడి కనిపించును. చెమటకు అక్కడ దురద, దద్దురు వచ్చును. పాప చెప్పుకొనదు, మనము చూడము. బొందు రాపిడి చిన్న సంగతి కాదని వైద్యులు ఎన్నడో గుర్తించినారు. పంచె బిగించి కట్టుకొను నడుము చోట కొందరు పెద్దవారికి పుండు పడి క్యాన్సరుగా మారుటను గూర్చి బొంబాయి వైద్య పరిశోధకులు వి.ఆర్. ఖానోల్కర్, బి. సూర్యాబాయి 1945లో వ్రాసిరి. చీర క్రింద లంగా బొందు వలన కూడ అట్లు జరుగుట తరువాతి కాలమున వైద్యులు చూచిరి. ఇది చాల అరుదు. అనేక సంవత్సరముల రాపిడి వలన పెద్దవారికి వచ్చినది. భయపడనక్కర లేదు. అయినను ఆరేండ్ల బిడ్డకు ఆ అలవాటు మనమే ఎందుకు మొదలుపెట్టవలెను?

కాబట్టి ఈ పాఠములో మేము చెప్పునది ఒక్కటే. పరికిణీ బరువు నడుము మీద గాక భుజముల మీద నిలువవలెను. దాని ఎదుగుదల ముందుగానే బట్టలో దాచిపెట్టవలెను. అట్లు కుట్టినది మూడు నాలుగు సంవత్సరములు తొడుగవచ్చును. సూటిగా కత్తిరించుటయు, సూటిగా కుట్టుటయు వచ్చిన ఎవరైనను దీనిని కుట్టగలరు. మిషను లేనివారు చేతితోనే కుట్టవచ్చును.

1. బట్ట

మనము తెలుగులో పరికిణీ, లంగా, పావడా అందుము. కర్ణాటకలో లంగ అనియు, తమిళనాడులో పావాడై అనియు, మహారాష్ట్రలో పర్కర్ అనియు, ఒడిశాలో ఘాగ్రా అనియు అడిగిన అంగడివారికి తెలియును. పేరు ఏదైనను కొనవలసినది నూలుబట్ట. పాప్లిన్ గాని కేంబ్రిక్ గాని మంచిది. నైలాను, పాలిస్టరు బట్టలు చెమట పీల్చవు. నిప్పు తగిలిన కరిగి చర్మమునకు అంటుకొనును. నూలుబట్ట కూడ మండును గనుక పొయ్యి దగ్గర జాగ్రత్త తప్పదు.

ఈ పాఠమునకు 36 అంగుళముల పన్నా గల బట్ట 2 మీటర్లు కావలెను. 1956 చట్టము తరువాత మీటరు లెక్క వచ్చినను కొన్ని అంగళ్లలో ఇంకను గజమనుచుందురు. గజము 36 అంగుళములు. మీటరు 39 అంగుళములకు కొంచెము పైన. రెండు మీటర్లు సుమారు 78¾ అంగుళములు, రెండు గజములు 72 మాత్రమే. క్రొత్త నూలుబట్ట ఉతికిన తరువాత నూటికి అయిదు వంతుల వరకు కుదించుకొనవచ్చును. అప్పుడు రెండు మీటర్లలో సుమారు 74¾ అంగుళములు మిగులును. మనకు కావలసినది 70. రెండు గజములైతే 68½ కూడ మిగులదు, చాలదు. అంగడిలో మీటరని స్పష్టముగా చెప్పవలెను.

కత్తిరింపుకు ముందు బట్టను ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, ఆరవేసి, ఇస్త్రీ చేయవలెను. ఇది చేయనివారి పరికిణీ మొదటి ఉతుకులోనే పొట్టిదగును.

2. కొలతలు

వయస్సును బట్టి కొలతలు వేయరాదు. ఒకే తరగతిలో ఒకే వయస్సు పిల్లలను వరుసగా నిలువబెట్టి చూడుడి, ఎంత భేదమున్నదో తెలియును. టేపుతో పాపనే కొలువవలెను. మూడు కొలతలు చాలును.

నడుము: శ్వాస బిగపట్టకుండ, భోజనము చేసిన తరువాత తీసికొనవలెను. టేపు లోపల రెండు వ్రేళ్లు దూరవలెను.

పొడవు: నడుము నుండి చీలమండ ఎముక వరకు. అంతకు దిగిన కాలికి తట్టుకొనును.

భుజము: ముందు నడుము నుండి భుజము మీదుగా, వీపున అడ్డముగా దిగి, అవతలి ప్రక్క నడుము వరకు.

ఉదాహరణకు మేము ఆరేండ్ల పాప కొలతలు తీసికొనుచున్నాము: వ్రేళ్ల వదులుతో నడుము 23 అంగుళములు, పొడవు 24, భుజము 22. మీ బిడ్డ కొలతలు వేరుగా ఉండును. కనుక అంకెలను గాక లెక్క వేయు పద్ధతిని నేర్చుకొనుడి.

3. లెక్క

ఆరు మొదలు పది సంవత్సరముల వరకు పిల్లలు ఏడాదికి సుమారు 5, 6 సెంటీమీటర్లు పొడవు పెరుగుదురు. అందులో సగమునకు పైగా కాళ్లలోనే. కనుక పరికిణీ ఏడాదికి ఒకటి, ఒకటిన్నర అంగుళము పొడవు కావలసి యుండును. ఆ పొడవును రెండు టక్కులలోను క్రింది మడుపులోను దాచుదుము. టక్కు అనగా బట్టను అడ్డముగా మడిచి కుట్టిన పట్టీ. ఒక అంగుళము టక్కు రెండు అంగుళముల బట్ట తినును. విప్పినప్పుడు రెండు అంగుళములు తిరిగి ఇచ్చును.

పరికిణీ పొడవు 24. అందులో నడుము పట్టీ 1½. మిగిలినది 22½. దానికి పై కుట్టుకు ½, క్రింది మడుపుకు 3, రెండు టక్కులకు 4 కలుపవలెను. మొత్తము 30 అంగుళములు. ఇట్టి ముక్కలు రెండు, ముందుకొకటి, వెనుకకొకటి. రెంటికి 60 అంగుళములు.

నడుము పట్టీ: 23కు మూడు అంగుళములు ఒకదానిపై ఒకటి వచ్చుటకు, ఒక అంగుళము కుట్టుకు కలిపి 27 పొడవు. వెడల్పు 4, మడిచి కుట్టిన తరువాత 1½ అగును.

భుజపు పట్టీలు రెండు: 22కు ఎదుగుదల నిమిత్తము 4 కలిపి 26 పొడవు. వెడల్పు 3, మడిచి కుట్టిన తరువాత 1 అగును.

పట్టీల వెడల్పులు 4, 3, 3 కలిసి 10. 60కి 10 కలిపిన 70. లెక్క సరిపోయినది.

4. గీత, కత్తిరింపు

మొదట కాగితము మీద గీయవలెను. అంగుళమునకు అర సెంటీమీటరు చొప్పున జోడుకాగితముపై 18 సెంటీమీటర్ల వెడల్పు, 35 సెంటీమీటర్ల పొడవు గల పెట్టె గీయుడి. అదే మన బట్ట. దానిలో అడ్డముగా 15, 15, 2, 1½, 1½ సెంటీమీటర్ల చొప్పున గీతలు కొట్టుడి. ముందు, వెనుక, నడుము పట్టీ, రెండు భుజపు పట్టీలు కంటికి కనబడును. చిన్న బొమ్మ సరిగా వచ్చినవారు బట్ట మీద పొరబడరు. బడిలో చదువు పిల్లలచేత ఈ గీత గీయించుడి. వారికి కొలబద్ద లెక్క కూడ వచ్చును.

తరువాత బట్ట మొదట ఒక పేక దారమును లాగివేయుడి. ఆ జాడ వెంబడి కత్తిరించిన అంచు వంకర పోదు. సుద్దతో గీతలు గీసి, ఇంకొకసారి కొలిచి కత్తిరించుడి. పట్టీల ప్రక్కన మిగిలిన ముక్క సుమారు 10 అంగుళముల పొడవుండును. పాపకు చేతిరుమాలు పెట్టుకొను జేబు దానితో అగును.

5. కుట్టు

మొదట ప్రక్కలు. రెండు ముక్కలను మంచి వైపులు లోపలికి వచ్చునట్లు పెట్టి, అంచునుండి ½ అంగుళము లోపల కుట్టవలెను. ఎడమ ప్రక్క పైన 5 అంగుళములు కుట్టక విడువవలెను. పాప తొడుగుకొనుటకు అది చీలిక. దాని అంచులను లోపలికి మడిచి కుట్టి, అడుగున రెండు మూడు సార్లు గట్టి కుట్టు వేయుడి. ప్రక్కలలో నేత అంచులే వచ్చినవి గనుక పోగులు రావు.

రెండవది క్రింది మడుపు. ½ అంగుళము ఒకసారి, 2½ అంగుళములు మరొకసారి లోపలికి మడిచి చేతితో హెమ్మింగ్ చేయవలెను.

మూడవది టక్కులు. క్రింది అంచునుండి 4, 5, 6 అంగుళముల యొద్ద చుట్టు గీతలు గీయుడి. 5వ గీత మీద మడిచి, 4వ గీతను 6వ గీతతో కలిపి కుట్టుడి. మడతను క్రిందికి త్రిప్పి ఇస్త్రీ చేయుడి. రెండవ టక్కుకు 7½, 8½, 9½ యొద్ద గీతలు. ఈ గీతలన్నియు మొదటి టక్కు కుట్టక ముందే గీయవలెను, లేనియెడల లెక్క తప్పును. టక్కులను మిషను మీద అన్నిటికంటె పొడుగు కుట్టుతో గాని చేతి కచ్చా కుట్టుతో గాని కుట్టుడి. చిన్న కుట్టు వేసిన విప్పునప్పుడు బట్ట చిల్లులు పడును. టక్కులను ప్రక్క కుట్లకు ముందు కుట్టరాదు. అట్లు చేసిన ప్రక్క కుట్టులో టక్కు చిక్కుకొని ఎన్నటికిని విప్పుటకు వీలుపడదు.

నాల్గవది కుచ్చులు. పై అంచున దగ్గర దగ్గరగా రెండు వరుసల కచ్చా కుట్లు, చీలిక నుండి చీలిక వరకు వేయుడి. పరికిణీ చుట్టుకొలత 70 అంగుళములు, పట్టీ 26. రెంటిని నాలుగేసి భాగములు చేసి గుర్తులు పెట్టుడి: పరికిణీపై 17½కు ఒకటి, పట్టీపై 6½కు ఒకటి. గుర్తులు కలిపి గుండుసూదులు గుచ్చి, దారములు లాగి కుచ్చులు సర్దుడి. ఇట్లు చేయనిచో కుచ్చులన్నియు ఒకచోటనే పోగగును.

అయిదవది నడుము పట్టీ. పట్టీ పేక వెంబడి వచ్చినది గనుక కొంచెము సాగును. లోపల పాత తెల్లబట్టను పడుగు వెంబడి కత్తిరించి పెట్టిన సాగదు. పట్టీని కుచ్చుల మీద కుట్టి, లోపలికి మడిచి హెమ్మింగ్ చేయుడి. బొందు వద్దు. రెండు జతల హుక్కులు కుట్టుడి: ఒకటి నేటి నడుముకు, రెండవది రెండు అంగుళములు వదులుగా రేపటి నడుముకు.

చివరకు భుజపు పట్టీలు. పాపకు పరికిణీ తొడిగి, ముందు వైపు రెండు చోట్ల గుర్తు పెట్టి అక్కడ కుట్టివేయుడి. వెనుక వాటిని అడ్డముగా దాటించి, పట్టీ లోపలి వైపు గుండీలకు తగిలించుడి. ఒక్కొక్క భుజపు పట్టీకి రెండేసి కాజాలు, రెండు అంగుళముల దూరమున ఉండవలెను. మిగిలిన కొసను కత్తిరింపక లోపల విడువుడి. పైన జాకెట్టు తొడిగిన తరువాత పట్టీలు కనబడవు.

6. విప్పుట

పరికిణీ రెండు అంగుళములు పొట్టి అయినప్పుడు పై టక్కును విప్పుడి. ఏడాదిన్నర గడచునప్పటికి క్రింది టక్కు. ఆ తరువాత క్రింది మడుపు విప్పి, ఒక అంగుళము మాత్రమే ఉంచి మరల కుట్టిన ఇంకొక రెండు అంగుళములు వచ్చును. మొత్తము ఆరు అంగుళములు. విప్పిన చోట రంగు వెలియక గీతగా కనిపించును. అక్కడ రిబ్బను గాని పాత చీర అంచు గాని కుట్టిన అందముగానే ఉండును. ముదురు రంగు కంటె చిన్న పూల అచ్చుబట్టలో ఆ గీత తక్కువ కనబడును.

అక్కకు పొట్టి అయిన తరువాత అదే పరికిణీ చెల్లెలికి వచ్చునప్పుడు టక్కులు మరల వేయవచ్చును. చెల్లెలికి వచ్చినది అక్క విడిచిన పాతబట్ట వలె గాక, ఆమె కొలతకు కుట్టిన బట్ట వలె ఉండును. పిల్లల మనస్సుకు ఈ భేదము బాగుగా తెలియును.

యొప్పేలో దొర్కా కుట్టిన వస్త్రములను విధవరాండ్రు పేతురుకు చూపిరని అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయములో చదువుచున్నాము. కుట్టినామె పోయిన తరువాత ఆ బట్టలే ఆమెను గూర్చి సాక్ష్యమిచ్చినవి. నిలిచే బట్ట కుట్టుట చిన్న పని కాదు.

అభ్యాసము

1. పాప నడుము 25, పొడవు 27 అంగుళములు. ఒక్కొక్క ముక్క పొడవు ఎంత? నడుము పట్టీ పొడవు ఎంత?
2. రెండు టక్కులకు బదులు మూడు వేసిన బట్ట ఎంత ఎక్కువ కావలెను? రెండు మీటర్లు చాలునా?
3. టక్కులను ప్రక్క కుట్ల తరువాతనే ఎందుకు వేయవలెను?

జవాబులు: 1. ముక్క 33, పట్టీ 29 అంగుళములు. 2. ఒక్కొక్క ముక్కకు 2 చొప్పున 4 అంగుళములు. 74 అగును గనుక కుదింపు పోగా చాలును గాని మిగులు ఉండదు. పావు మీటరు ఎక్కువ తీసికొనుట మేలు. 3. పాఠములోనే ఉన్నది, మీ స్త్రీల సమాజములో ఒకరు చదివి, మిగిలినవారు చెప్పుడి.

ఈ వారము కనీసము కాగితము మీద గీత గీయుడి. వచ్చే వారము టేపు తీసి బిడ్డను పిలువుడి.