అంతర్జాల చిరునామాలు - ముందుచూపు

ఉత్తరం చేరడానికి చిరునామా ఎంత అవసరమో, కంప్యూటర్ల మధ్య సమాచారం చేరడానికీ అంతే అవసరం. ఆ చిరునామాల రూపాన్ని నిర్ణయించే నియమావళినే ఇంటర్నెట్ ప్రోటోకాల్ అంటారు. నేటికీ విరివిగా వాడుకలో ఉన్న ఐపివి-4లో చిరునామాకు 32 బిట్లు. అనగా సుమారు 430 కోట్ల చిరునామాలే. ప్రపంచ జనాభాకైనా చాలని ఈ నిల్వ అంతర్జాతీయ స్థాయిలో 2011 ఫిబ్రవరి 3న నిండుకున్నది. ఒక్క చిరునామాను పలువురికి పంచి నెట్టుకొని వస్తున్నాము. అందులో ఒకరు చేసిన తప్పుకు ఆ చిరునామాను నిషేధిస్తే, నిరపరాధులకూ తలుపు మూసుకుంటుంది.

దీనికి పరిష్కారమైన ఐపివి-6 నియమావళి 1995లోనే వెలువడినది. దాని చిరునామాకు 128 బిట్లు. మొత్తం చిరునామాల సంఖ్య 39 అంకెలది. మరి ఇంత ఆలస్యమెందుకు? కొత్తది పాతదానితో నేరుగా మాట్లాడలేదు. 1983 జనవరి 1న అమెరికాలోని అర్పానెట్ నిర్ణీత దినాన నియమావళిని మార్చుకోగలిగినది. అది చిన్న వ్యవస్థ. నేడు అది అసాధ్యం. కనుక మన కళాశాలలో ఉర్దూ, తెలుగు పక్కపక్కనే నడచునట్లు, ఒకే యంత్రంలో రెండింటినీ కొంతకాలం నడపవలసి ఉన్నది.

భారత టెలికమ్యూనికేషన్ల శాఖ 2010లో తొలి మార్గసూచిని, 2013లో రెండవదానిని వెలువరించినది. ప్రభుత్వ సంస్థలకు పెట్టిన 2017 డిసెంబరు గడువు తరువాత 2022 జూన్‌కు జరిగినది. కాని 2016లో సేవలు ప్రారంభించిన జియో, కొత్తగా కట్టుకున్న వ్యవస్థలో మొదటినుండే ఐపివి-6కు చోటిచ్చినది. కొత్తగా కట్టేవారికి మార్పు సులభం. పాత పరికరాలున్నవారికే కష్టం. విద్యార్థి చేతిలోని ఫోను ఐపివి-6లో పలుకుతుండగా, కార్యాలయంలోని పాత రౌటర్ అడ్డుపడవచ్చును.

ఇందుండి మనము గ్రహించవలసినది ఒక్కటే: గడువు తేదీకన్న కొనుగోలు పత్రం ముఖ్యం. ఏ పరికరమైనా కొన్నేళ్ళకు మార్చక తప్పదు. అట్లు మార్చునపుడెల్ల ఐపివి-6 ఉన్నదానినే కొన్నచో ప్రత్యేక వ్యయం చాలవరకు తప్పుతుంది.

కావున మొదట, ఉన్న పరికరాల పట్టిక వ్రాయవలెను. రెండవది, ఈ సంవత్సరంనుండి ప్రతి కొటేషన్‌లో ఐపివి-6 షరతు చేర్చవలెను. మూడవది, కనెక్షన్ ఇచ్చే సంస్థను ఈ సౌకర్యం అడగవలెను. నాల్గవది, విద్యార్థులకు దీనిని ప్రయోగశాలలో నేర్పవలెను.

నేడు కొన్న యంత్రమును వాడవలసినది రేపు చేరబోయే విద్యార్థులే. వారి అవసరమును నేడే తలచుట పాలకవర్గానికీ, మనకూ బాధ్యత.