పందెములో సహాయకులు: వారి సంవత్సర ప్రణాళిక

విద్యార్థులారా! సైకిలు మన ప్రాంతమునకు క్రొత్త వాహనము కాదు. సిరికొండ చుట్టుపట్ల గ్రామములనుండి సైకిలుమీద బడికి వచ్చువారిని మనము నిత్యము చూచుచున్నాము. ఇద్దరు కలిసి వచ్చునపుడు ఎదురుగాలి బలముగా వీచినచో, ఒకడు ముందును, ఇంకొకడు వాని వెనుకను పోవుట మీరెరుగుదురు. వెనుకవానికి శ్రమ తక్కువ. ఐరోపాఖండమునందలి గొప్ప సైకిలు పందెములన్నియు ఈ చిన్న యనుభవముమీదనే ఆధారపడియున్నవి. గెలిచినవాని పేరు లోకమంతయు వినును. వానికి ముందుండి గాలిని భరించినవారి పేరు వినువారు తక్కువ. ఈ పాఠమునందు ఆ సహాయకులనుగూర్చియు, వారి సంవత్సరకాలపు పనిని జట్టు నిర్వాహకులు ముందుగా ఏర్పరచు విధమునుగూర్చియు తెలిసికొందము.

1. సహాయకుని యవసరము

సమతలమున వేగముగా పోవునపుడు మనుష్యుని శక్తిలో అధికభాగము గాలిని త్రోసికొని పోవుటకే వ్యయమగును. వేగము రెండింతలైనచో గాలి నిరోధము నాలుగింతలగునని భౌతికశాస్త్రము చెప్పుచున్నది. మరియొకని చక్రము వెనుక దగ్గరగా పోవువానికి శ్రమలో ఇంచుమించు మూడవవంతు తప్పును. ఒక్క దినమున ఇది చిన్న లాభముగా తోచవచ్చును. కాని 1903లో ప్రారంభమైన టూర్ డి ఫ్రాన్స్ అను పందెము మూడు వారములపాటు 21 మజిలీలుగా సాగును. దాని దూరము సుమారు 3,400 కిలోమీటర్లు. నడుమ గొప్ప పర్వతములను దాటవలయును. అట్టి పందెమున దినదినము మిగుల్చుకొనిన శక్తియే కడపటి కొండమీద జయాపజయములను నిర్ణయించును. అందుచే ఒక్కొక్క జట్టునుండి వచ్చు 8 మందిలో సాధారణముగా ఒకడు నాయకుడుగను, తక్కినవారు వాని శక్తిని కాపాడువారుగను ఉందురు.

ఫ్రెంచివారు ఈ సహాయకుని డొమెస్టిక్ అందురు. ఇంటి పనివాడని దాని యర్థము. ఆ పందెపు స్థాపకుడగు హెన్రీ డెగ్రాంజ్ 1911లో మోరిస్ బ్రోకో అను పందెగానిని నిందించుటకై ఈ మాటను ప్రయోగించెనని చెప్పుదురు. ఇటలీవారు గ్రెగారియో అందురు. మందలోనివాడని దాని మూలార్థము. నిందగా పుట్టిన పేరు క్రమముగా గౌరవపదమైనది.

2. సహాయకులలో తెగలు

సహాయకులందరు ఒక్క పని చేయువారు కారు. దృఢకాయులు సమతలమున గంటలకొలది ముందుండి గాలిని భరింతురు. తేలిక దేహము గలవారు కొండ యెక్కునపుడు, తక్కినవారు వెనుకబడిన తరువాత గూడ, నాయకుని విడువక యుందురు. మరికొందరు మజిలీ చివర మిక్కిలి వేగముగా దూకువానికి త్రోవచేసి, గమ్యము కనుచూపుమేరకు వచ్చిన పిదప ప్రక్కకు తొలగుదురు. అనుభవశాలి యొకడు త్రోవలోనే నిర్ణయములు చేయుచు జట్టును నడిపించును. వీరిలో నెవరైనను అవసరమైనపుడు వెనుకకు పోయి, జట్టు కారునుండి నీళ్ళసీసాలను తీసికొని చొక్కాలో దోపుకొని, మరల గుంపును దాటి ముందున్నవారికి అందింపవలయును. పైకి సులభముగా కనబడు ఈ పనికి ఎంత బలము వలయునో, నీళ్ళబిందెతో గట్టెక్కినవారికి మేము చెప్పనక్కరలేదు.

3. ప్రణాళిక వేయు విధము

పందెముల కాలము జనవరిలో ఆస్ట్రేలియాలో మొదలై అక్టోబరువరకు సాగును. మే నెలలో ఇటలీ, జూలైలో ఫ్రాన్సు, ఆగస్టు సెప్టెంబరులలో స్పెయిను దేశములందు మూడేసి వారముల మహాపందెములు జరుగును. పెద్ద జట్టులో 30 మంది వరకు ఉందురు. ఏ దేహమును పది మాసములపాటు ఒకే తీరున పూర్ణబలముతో ఉండజాలదు. కావున ఎవరు, ఎప్పుడు, ఎవరికొరకు శ్రమపడవలయునో ముందే నిర్ణయింపవలసి యున్నది.

ఈ లెక్క మన చెరకు ప్రాంతమువారికి తెలియనిది కాదు. బోధనులోని శక్కర్‌నగరున 1937లో స్థాపింపబడి 2015లో మూతపడిన నిజాం చక్కెర కర్మాగారము నడచిన దినములను పెద్దలు జ్ఞప్తికి తెచ్చుకొనగలరు. చెరకంతయు ఒక్కనాడే నరికినచో యంత్రము పట్టదు. నరికి నిలువయుంచినచో తీపి తగ్గును. కావున చెరకాడు దినమును ముందు పెట్టుకొని, బండి కట్టు దినమును, కోత దినమును వెనుకకు లెక్కింపవలయును. జట్టు నిర్వాహకుడును అట్లే ముఖ్యపందెపు దినమునుండి వెనుకకు లెక్కించును. ఆ లెక్కలో ఐదు మెట్లున్నవి.

మొదటిది లక్ష్యనిర్ణయము. ఏ పందెమును ఎవరు గెలువ ప్రయత్నింపవలయునో చలికాలపు శిబిరములోనే తేల్చుదురు.

రెండవది పనికి తగినవానిని ఎన్నుట. కొండలు ఎక్కువగా నున్న పందెమునకు కొండ యెక్కువారు, గాలి బలముగా వీచు మైదానములకు దృఢకాయులు కావలయును. స్నేహమునుబట్టి గాని, వయస్సునుబట్టి గాని ఎన్నిక చేయరాదు.

మూడవది విశ్రాంతి. మే నెలలో మహాపందెము ముగించినవాని దేహము కోలుకొనుటకు వ్యవధి కావలయును. ఒక కొండదారి సహాయకుని సంవత్సరము ఇట్లుండవచ్చును: ఫిబ్రవరి, మార్చి మాసములలో చిన్న పందెములు, ఏప్రిలులో విశ్రాంతి, మే నెలలో నాయకునితో కూడ ఎత్తైన పర్వతశిబిరమున సాధన, జూనులో వారము దినముల పందెమొకటి, జూలైలో మహాపందెము, ఆ పిమ్మట మరల విశ్రాంతి.

నాలుగవది ప్రత్యామ్నాయము. జ్వరము వచ్చుట, క్రిందపడి యెముక విరుగుట ఈ వృత్తిలో సామాన్యము. కావున ఎన్నుకొనబడిన 8 మందికి తోడు, వారి స్థానమున నిలువగలవారిని గూడ సిద్ధపరచి యుంచవలయును.

ఐదవది సహాయకుని సొంత దినము. ఏదో యొక పందెమున, ఏదో యొక మజిలీలో, ఇతరులకొరకుగాక తనకొరకు పోటీపడు తరుణము వానికి గూడ ఉండవలయును. మంచి నిర్వాహకుడు దానిని గూడ మొదటనే వ్రాసి చూపును. తన భారమెంతవరకో, తన వంతు ఎప్పుడో ఎరిగినవాడు మనఃపూర్వకముగా మోయును; ఎరుగనివాడు కొంతకాలమునకు సణుగును, లేదా నిశ్శబ్దముగా క్రుంగును.

4. రెండు దృష్టాంతములు

1934లో ఫ్రాన్సు పందెమున 20 ఏండ్ల రెనే వియెట్టో, తన జట్టు నాయకుడగు ఆంటొనిన్ మాన్యు చక్రము విరుగగా, తన చక్రమును ఊడదీసి యిచ్చి, మరియొక చక్రము వచ్చువరకు గోడమీద కూర్చుండి కన్నీరు విడిచెను. మరునాడు నాయకుడు మరల చిక్కుపడెనని తెలిసి, తాను ముందుండియు వెనుకకు తిరిగి కొండ యెక్కిపోయి సహాయపడెను. మాన్యు పందెము గెలిచెను, వియెట్టో ఐదవవాడయ్యెను. ఆ గోడమీది ఛాయాచిత్రము నేటికిని ప్రసిద్ధమైయున్నది. ఆ త్యాగము గొప్పదే. అయినను త్యాగము చేసినవానిని కొనియాడుటతోనే పెద్దల బాధ్యత తీరదు.

రెండవ దృష్టాంతము 2023 నాటిది. అమెరికా దేశస్థుడగు సెప్ కుస్, జంబో-విస్మా జట్టులో కొండదారి సహాయకుడు. ఆ సంవత్సరము మూడు మహాపందెములయందును, అనగా 63 మజిలీలయందును, ఆతడు పాల్గొనెను. ఇటలీలో ఆతని సహాయముతో ప్రిమోజ్ రోగ్లిచ్ గెలిచెను. కుస్ 14వ వాడు. ఫ్రాన్సులో యోనాస్ వింగెగోర్ గెలిచెను. కుస్ 12వ వాడు. స్పెయినునకు ఆ నాయకులిద్దరును వచ్చిరి. అక్కడ ఆరవ మజిలీలో కుస్ ముందు పోయిన గుంపుతో చేరి గెలిచి, ఎనిమిదవ మజిలీతో ప్రథమస్థానమునకు వచ్చెను. 17వ మజిలీ ఆంగ్లిరూ కొండమీద ముగిసెను. ఆ దినము ఆతని 29వ జన్మదినము. ఆ నాడే నాయకులిద్దరును ఆతనిని విడిచి ముందుకు సాగిపోయిరి. ఆతని యాధిక్యము 8 సెకండ్లకు తగ్గెను. ఏడాది పొడవున వారిని మోసినవానిని వారే దాటిపోవుట చూచి అనేకులు నొచ్చుకొనిరి. జట్టువారు ఆలోచించుకొని, ఇకమీదట కుస్‌నే గెలిపింపవలయునని నిశ్చయించిరి. ఆతడు 17 సెకండ్ల యాధిక్యముతో గెలిచెను. వింగెగోర్ రెండవవాడును, రోగ్లిచ్ మూడవవాడును అయిరి. మూడు మహాపందెములను ఒకే సంవత్సరమున గెలిచిన మొదటి జట్టు అదియే.

ప్రణాళిక అవసరమే, కాని న్యాయము కోరినపుడు దానిని దిద్దుకొనుట గూడ నిర్వాహకుని విధియని ఇందువలన తేలుచున్నది.

5. మన మండలములో

సైకిలు పందెములు మనకు దూరమైనను, ఈ ధర్మము దూరము కాదు. మన సిరికొండ మండలమందలి పాకాల గ్రామపు బాలిక మాలావత్ పూర్ణ 2014 మే 25న, 13 ఏండ్ల 11 మాసముల వయస్సున, ఎవరెస్టు శిఖరము నెక్కెను. ఆమెతో కూడ అప్పటి ఖమ్మము జిల్లా బాలుడు సాధనపల్లి ఆనంద్ కుమార్ గూడ ఎక్కెను. భువనగిరి బండలమీద మొదలైన వారి శిక్షణ మెట్లుమెట్లుగా సాగినది. ఎవరెస్టుమీద త్రాళ్ళు కట్టువారును, బరువులు మోయువారును, గుడారములు వేయువారును లేనిది ఎట్టి ధీరునికిని శిఖరము దొరకదు. ఆమె టిబెట్టు వైపునుండి ఎక్కెను. ఆ సంవత్సరమే ఏప్రిల్ 18న నేపాలు వైపున, ఇతరులకొరకు త్రోవ సిద్ధపరచుచుండిన 16 మంది నేపాలు దేశీయులు మంచుపెళ్ళల క్రింద మరణించిరి. పూర్ణను గౌరవించునపుడు అట్టి సహాయకులను గూడ స్మరించుట మన ధర్మము.

తల్లిదండ్రులారా, ఈ పాఠము మీకును వర్తించును. మన ఇండ్లలో ఒక బిడ్డ చదువుటకై మరియొక బిడ్డ నీళ్ళు మోయును, చంటివారిని ఎత్తుకొనును, తల్లి ప్రక్కన కూర్చుండి బీడీలు చుట్టును. తరచుగా ఆ రెండవ బిడ్డ ఆడపిల్ల. సహాయము చేయుట తప్పు కాదు; మన ప్రభువు తానే నడుముకు తువాలు కట్టుకొని శిష్యుల పాదములు కడిగెను. కాని పాదములు కడిగినవాడు ఆ యింటి గురువు. ఆ పనిని మిక్కిలి చిన్నవానికి శాశ్వతముగా అప్పగింపలేదు. ఇంటిపనిని అందరికి పంచి, ఎవరి వంతు ఎంతవరకో నిర్ణయించి, ఆ బిడ్డకు గూడ చదువుకొను గంటను, పరీక్షల వారమును, విశ్రాంతి దినమును ముందే కేటాయించుడి. ఒక కాగితముమీద వ్రాసి గోడకు అంటించిన చాలును. విద్యార్థులారా, బహుమతి నందుకొను దినమున మీ ముందుండి గాలిని భరించినది ఎవరో వెనుకకు తిరిగి చూడుడి.

అభ్యాసము

1. ఎదురుగాలిలో వెనుక పోవువానికి శ్రమ యేల తగ్గును?
2. ప్రణాళికయందలి ఐదు మెట్లను మీ బడి వార్షికోత్సవమునకు అన్వయించి వ్రాయుడి.
3. వియెట్టో, కుస్‌ల కథలలో జట్టు పెద్దల బాధ్యత ఎట్లు భిన్నముగా కనబడుచున్నది?
4. మీ యింట ఒక్క వారములో ఎవరు ఏ పని ఎన్ని గంటలు చేయుదురో పట్టికగా వ్రాసి, తల్లిదండ్రులకు చూపుడి.