తరిమెనపై కార్బన్ తంతువుల క్యూ కర్ర

తెలుగున తరిమెన యనియు, ఉర్దూలో ఖరాద్ అనియు పిలువబడు యంత్రమునే నేడందరును లేత్ అనుచున్నారు. పేరేదైనను సూత్రమొక్కటే: వస్తువు తిరుగుచుండును, ఉలి దానిని చెక్కుచుండును. ఐతే పదార్థము మారినపుడు పనివాని అలవాటును మారవలెను. దీనికి పూల్ ఆటలోని క్యూ కర్ర చక్కని దృష్టాంతము.

ఈ కుటుంబపు ఆటలు మన దేశమునకు క్రొత్తవి కావు. స్నూకర్ 1875లో జబల్‌పూరునందలి సైనికుల నడుమ పుట్టినది. క్యూ కర్ర ముందుభాగమును షాఫ్ట్ అందురు. అది చిరకాలము మేపుల్ కలపతోనే చేయబడినది. ఇటీవల కార్బన్ తంతువులతోను చేయబడుచున్నది.

కార్బన్ తంతువు మందము సుమారు 5 నుండి 7 మైక్రాన్లు. అనగా తలవెండ్రుకలో పదవ వంతు. ఇట్టి వేలకొలది తంతువులను ఎపాక్సీ జిగురుతో బంధించి పలుచని గొట్టముగా చేయుదురు. తంతువుల పొడవు వెంట దానికి మిక్కిలి బలము కలదు. పొరకును పొరకును నడుమ బలము స్వల్పము. వెదురును అడ్డముగా నరుకుట కష్టము, నిలువునా చీల్చుట సులభము కదా! ఇదియు అట్టిదే.

కర్ర కొనయందలి తోలుబిళ్ల అరిగినపుడు దానిని మార్చుటకు షాఫ్ట్‌ను తరిమెనకెక్కింతురు. అపుడు నాలుగు ప్రమాదములు కలవు.

మొదటిది పట్టు. ఇనుప చక్ మూడు దవడలతో మూడుచోట్లనే నొక్కును. పలుచని గొట్టము అచట నలిగి పగులవచ్చును. కావున చుట్టును సమముగా పట్టుకొను నైలాన్ తొడుగును వాడవలెను. పొడవైన వెనుకభాగము ఊగిసలాడకుండ దానికి ఆధారమొసగి, మొదట తక్కువ వేగముతో త్రిప్పి చూడవలెను.

రెండవది ఉలి. తోలు మాత్రమే తెగవలెను. షాఫ్ట్‌ను ఉలి తాకరాదు. మొద్దు ఉలి కోయుటకు మారుగా లాగును; పొరలను లేపును. బిళ్లకు ఆనుకొని షాఫ్ట్‌పై కాగితపు టేపును రెండు చుట్లు చుట్టవలెను. టేపు గీరుకొనుట కానవచ్చినంతనే ఉలి నాపి, మిగిలిన తోలును చేతితో, సన్నని గరుకుకాగితముతో సవరింపవలెను. పాత బిళ్లను తీసిన పిదప జిగురు పోవునంతవరకే కొనను గీకవలెను. అంతకు మించిన ప్రతి గీత కర్రకే నష్టము.

మూడవది వేడిమి. గది ఉష్ణోగ్రతలో గట్టిపడు ఎపాక్సీలలో పెక్కు 70 డిగ్రీల సెంటీగ్రేడు లోపుననే మెత్తబడును. గరుకుకాగితమును ఒకేచోట ఒత్తిపట్టినచో రాపిడివలన జిగురు సడలును. కావున తేలికగా తాకించి తీయుచు, వ్రేలితో వేడిని పరీక్షించుచుండవలెను.

నాలుగవది ధూళి. ఇది చర్మమునకును, కన్నులకును, ఊపిరితిత్తులకును హాని చేయును. కార్బన్ విద్యుద్వాహకము కావున మోటారులోనికిని, స్విచ్చులలోనికిని చేరి షార్టు సర్క్యూట్ కలిగింపవచ్చును. ముక్కునకు తగిన ముసుగును, కన్నులకు అద్దములను ధరించి, ధూళిని పీల్చు యంత్రముతో తీయవలెను గాని గాలితో ఊదరాదు.

ఇంత జాగ్రత్త ఏల యని విద్యార్థులు ప్రశ్నింపవచ్చును. కలప కొంచెము నొక్కుకొన్నచో ఆవిరి పట్టి లేపవచ్చును. గీత పడినచో నునుపు చేయవచ్చును. కార్బన్ షాఫ్ట్‌కు ఈ చికిత్సలు లేవు. దానిని రుద్దినకొలది పైపూతయు, దాని క్రిందనున్న తంతువులును పోవును. తెగిన తంతువు మరల అతుకుకొనదు.

కావున అభ్యాసమును పనికిరాని ముక్కపై చేయవలెను. షాఫ్ట్‌ను యంత్రమునకెక్కింపక పూర్వమే భూతద్దముతో చూచి, ఉన్న గీతలను, పగుళ్లను యజమానికి చూపవలెను. పరుల వస్తువు మన చేతిలో అమానతు. దానిని తీసికొన్నట్లే తిరిగి అప్పగించుట పనితనములో సగభాగము. తక్కిన సగము బిళ్ల మార్చుట.