తెల్లమచ్చలు ఎక్కడికి పోయాయి?

కాదు చిన్నా, తగ్గలేదు. వెల్లుల్లి రసంలో నానబెట్టిన మేత వేశాక బ్లూ టాంగ్ ఒంటిమీది మచ్చలు మాయమయ్యాయని సంబరంగా రాశావు. అసలు ఆ మచ్చలు తెచ్చే పరాన్నజీవి చేపమీద ఉండేదే 3 నుంచి 7 రోజులు. కడుపు నిండగానే తనంతట తానే దిగిపోతుంది. వెల్లుల్లి వేసినా, వేయకపోయినా అది దిగే వేళకే దిగింది.

దిగి ఎక్కడికి పోయింది? నీ ట్యాంకు అడుక్కే. క్రిప్టోకారియన్ అనే ఈ ఏకకణజీవి ఇసుకకో, రాయికో అతుక్కుని చుట్టూ గట్టి తొడుగు కట్టుకుంటుంది. లోపల చీలుతూ చీలుతూ 200 దాకా పిల్లల్ని తయారుచేస్తుంది. అవి బయటికొచ్చాక ఒకటి రెండు రోజుల్లో చేపను పట్టుకోకపోతే చచ్చిపోతాయి. సముద్రంలో చాలావాటికి ఆ అదృష్టం దక్కదు. నాలుగడుగుల గాజుపెట్టెలో మాత్రం చేప ఎటు తప్పించుకుంటుంది? అందుకే రెండో విడత మచ్చలు మొదటిదానికన్నా దట్టంగా వస్తాయి.

మచ్చల్ని ఏరుకు తింటుందని క్లీనర్ ష్రింప్ కొన్నావట. ఆ డబ్బుతో కాపర్ మందు కొలిచే టెస్ట్ కిట్ వచ్చేది కదరా! ఈ జీవి చేప పైచర్మం కింద దూరి కూర్చుంటుంది. అక్కడికి రొయ్యా చేరలేదు, మందూ చేరలేదు. మందుకు దొరికేది నీళ్ళలో ఈదే పిల్లదశ ఒక్కటే. అందుకే వైద్యం వారాల తరబడి సాగుతుంది. చేపకు వైద్యం వేరే తొట్టిలో, పెద్ద ట్యాంకుకు పస్తు. చేపలన్నిటినీ, బాగున్నవాటితో సహా, బయటికి తీసి 76 రోజులు ఖాళీగా ఉంచాలి. తొడుగులోంచి 72వ రోజున కూడా పిల్లలు బయటపడినట్టు నమోదైంది కాబట్టి ఆ లెక్క. పగడాలకూ రొయ్యలకూ ఈ జబ్బు అంటదు, వాటిని ఉన్నచోటే ఉండనీ.

ఈ జీవితచక్రం ఆధారంగానే ఇజ్రాయెల్‌లోని ఐలాత్‌లో ఆంజెలో కొలోర్ని 1987లో మందు చుక్క లేని పద్ధతి ఒకటి చూపించాడు. మూడేసి రోజులకోసారి, మొత్తం నాలుగుసార్లు, చేపను శుభ్రమైన కొత్త తొట్టిలోకి మార్చడం. రాలిన జీవి పాత తొట్టిలో పొదిగేలోపే చేప అక్కడ ఉండదు. చూశావా, శత్రువు దినచర్య తెలిస్తే ఎంత పని తేలికవుతుందో!

అయితే ఇదంతా వచ్చింది క్రిప్టోకారియనే అయితే. మచ్చలు లెక్కపెట్టే ముందు మొప్పలు చూడమని ఎన్నిసార్లు చెప్పాలి? నీ ఉత్తరంలో మచ్చల గురించి పేజీ ఉంది, శ్వాస గురించి ఒక్క ముక్క లేదు. ఉప్పురవ్వల్లాంటి మచ్చలుండి, మేత బాగా తింటుంటే నీకు కాస్త వ్యవధి ఉన్నట్టే. చేప పంపు ధారకు ఎదురుగా నిలబడి ఎగశ్వాస పీలుస్తుంటే మాత్రం వెల్వెట్‌ని, అంటే అమైలూడినియంని, అనుమానించు. అది ముందు మొప్పల్ని పడుతుంది. గది లైట్లు ఆర్పి టార్చి ఏటవాలుగా వేస్తే ఒంటిమీద సన్నటి పసుపు పొడి మెరుస్తుంది. కొన్నిసార్లు ఆ పొడి కనపడకముందే చేప పోతుంది. ఉప్పుశాతం తగ్గించే చికిత్స, అంటే సాంద్రత 1.009కి దించడం, క్రిప్టోకారియన్‌కి పనిచేస్తుంది గానీ వెల్వెట్ దాన్ని లెక్కచేయదు. ఏదో తేలకపోతే కాపరే దిక్కు.

కాపర్ సల్ఫేట్ అయితే లీటరుకు 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాముల మోతాదు, కనీసం మూడు వారాలు. తగ్గితే పరాన్నజీవి బతుకుతుంది, పెరిగితే చేప పోతుంది. రోజూ కొలవాల్సిందే. ఇతర కాపర్ మందుల మోతాదు వేరు, సీసా మీద ఉన్నదే పాటించు. తొట్టిలో రాయి, ఇసుక వద్దు, అవి కాపర్‌ని పీల్చేస్తాయి. దాక్కోవడానికి పీవీసీ పైపు ముక్కలు చాలు. పెద్ద ట్యాంకులో మాత్రం ఒక్క చుక్క వేసినా ఊరుకోను, పగడాలూ నత్తలూ నిలవవు.

క్లౌన్ ఫిష్ కంటి మీద మసక అన్నావు. అది ఫ్లూక్ అనే మరో పరాన్నజీవి కావచ్చు. పంజరాల్లో పెంచే పండుగప్పనూ పీడించే నియోబెనెడేనియా పారదర్శకం, మామూలుగా కంటికి ఆనదు. అదే ఉష్ణోగ్రత, అదే పీహెచ్ ఉన్న మంచినీళ్ళలో చేపను ఐదు నిమిషాలు ఉంచి చూడు, తెల్లబారి రాలిపడతాయి. రాలితే ప్రాజిక్వాంటెల్ వాడాలి. గుడ్లకు మందు పనిచేయదు కాబట్టి కొన్ని రోజులాగి మళ్ళీ వేయాలి.

వచ్చే ఆదివారం ఎల్లో టాంగ్ తెస్తానన్నావు. షాపువాడికి ఇప్పుడే ఫోన్ చేసి 76 రోజులూ అయ్యాకే తీసుకుంటానని చెప్పు.